సైకిలు తొక్కేవారికి పడిన పేర్లు: ఒక చారిత్రక పరిశీలన

చెన్నై కళాశాలల్లో చదివిన తెలుగు విద్యార్థుల్లో 'గొల్టి' అన్న మాట చెవిన పడనివారు అరుదు. 'తెలుగు'ను వెనకనుంచి ముందుకు పలకగా పుట్టిన మాట ఇదని చెప్పుకొంటారు. హాస్టలు గదిలో స్నేహితుడు నవ్వుతూ అంటే అదొక ముద్దుపేరు. బస్సులో సీటు దగ్గర తగవు పడిన ముక్కూమొహం తెలియనివాడు అంటే అదే తిట్టు. అక్షరాలు మారలేదు, అన్నవాడు మారాడు, అన్నచోటు మారింది. పరభాషా ప్రాంతాల్లో తరాల తరబడి స్థిరపడిన మన కుటుంబాలకు ఇటువంటి పేర్లు కొత్త కావు. మనం కూడా ఇరుగుపొరుగువారికి పేర్లు పెట్టకుండా ఊరుకోలేదు.

ఒక సమూహం మరొక సమూహానికి పెట్టే వెక్కిరింత పేరు ఎప్పుడు పుడుతుంది? ఏ ఆధారంతో బతుకుతుంది? ఎలా పోతుంది? ఈ ప్రశ్నలను మన సొంత ఉదాహరణతో మొదలుపెడితే చిక్కు ఉన్నది. మనసుకు తగిలిన మాటను మనమే తూచబోతే త్రాసు ఒక పక్కకే మొగ్గుతుంది. అందుచేత ఈ వ్యాసంలో మేము కులానికీ, మతానికీ, భాషకూ నేరుగా సంబంధం లేని ఉదాహరణను ఎన్నుకొన్నాము. అది సైకిలు తొక్కేవారికి ఇంగ్లండు, అమెరికా, ఫ్రాన్సు దేశాల్లో పడిన పేర్ల చరిత్ర. రెండు శతాబ్దాల పైబడిన ఈ చరిత్రకు సాక్ష్యం పుష్కలంగా ఉన్నది. ఇంతకంటె నిరపాయమైన వస్తువు దొరకదని మొదట మేమూ అనుకొన్నాము. పరిశీలించిన కొద్దీ అది అంత నిరపాయం కాదని తెలిసింది.

సోగ్గాడి గుర్రం

1817లో జర్మనీలోని మన్‌హైమ్ నగరంలో కార్ల్ ఫన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి ఒకటి తయారుచేశాడు. దానికి పెడళ్ళు లేవు. మధ్యలో కూర్చొని, కాళ్ళతో నేలను తన్నుకొంటూ పోవలసిందే. మరుసటి ఏడాది లండనులో డెనిస్ జాన్సన్ అనే బండ్ల తయారీదారు దాన్ని మెరుగుపరచి, హక్కుపత్రం పొంది, పాదచారుల బండి అన్న అర్థం వచ్చే గంభీరమైన పేరు పెట్టాడు. ఆ పేరును ఎవరూ పలకలేదు. 1819లో ఆ బండి కొన్నది డబ్బూ తీరికా గల షోకిలా యువకులు. అటువంటివారిని అప్పటి ఇంగ్లీషులో 'డాండీ' అనేవారు. వీధి జనం దానికి 'డాండీ హార్స్' అని పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే సోగ్గాడి గుర్రం. ఆ ఏడాది లండను చిత్రాల దుకాణాల్లో ఈ సోగ్గాళ్ళు బోర్లాపడే వ్యంగ్య చిత్రాలు కుప్పలుగా అమ్ముడుపోయాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. తయారీదారు పెట్టిన పేరు యంత్రాన్ని వర్ణించింది. వీధి పెట్టిన పేరు మనిషిని వర్ణించింది. అందులో ఎగతాళి ఉన్నది, కాని అది నిష్కారణం కాదు. ఆ బండి గతుకుల రోడ్డు వదలి నున్నటి కాలిబాట ఎక్కేది. నడిచేవారికి అడ్డం వచ్చేది. పలు నగరాల్లో కాలిబాట మీద దాన్ని నడపరాదని నిషేధం వచ్చింది. ఆ తరువాత కొద్దికాలానికే ఆ వ్యామోహం చల్లారింది.

1860 దశకంలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించిన బండి వచ్చింది. కొయ్య చక్రాలకు ఇనుప పట్టా వేసిన ఆ బండి రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కేవాడి ఒళ్ళు హూనం చేసేది. ఇంగ్లండులో దాన్ని 'బోన్‌షేకర్' అన్నారు. అంటే ఎముకలు కుదిపేది. ఈ పేరు పెట్టినది చూసేవారు కాదు, తొక్కినవారి అనుభవం. అందుచేత ఇందులో వెక్కిరింత కంటె నిట్టూర్పు ఎక్కువ.

1870 దశకంలో ముందు చక్రం పెరిగి మనిషి భుజం ఎత్తు దాటింది. ఎత్తయిన సీటు మీదినుంచి తలకిందులుగా ముందుకు పడటానికి 'హెడర్' అని ప్రత్యేకంగా ఒక మాట పుట్టిందంటే ఆ ప్రమాదం ఎంత మామూలో ఊహించవచ్చు. అటువంటి బండి తొక్కగలిగినవారు దేహదారుఢ్యం, డబ్బు గల యువకులే. కాలర్ల మీద టోపీల మీద సంఘం గుర్తులు ధరించి, కొమ్ము బాకా ఊదుకొంటూ గుంపులుగా పల్లెల మీదుగా పోయేవారు. గుర్రబ్బండ్ల వారికి వీరంటే గిట్టేది కాదు. 'క్యాడ్స్ ఆన్ క్యాస్టర్స్' అని వీరికి పేరు వచ్చింది. క్యాస్టర్లంటే కుర్చీలకు, మంచాలకు అడుగున వేసే చిన్న చక్రాలు. చక్రాలు తొడుక్కొన్న మర్యాదలేని మనుషులని భావం. వారు మాత్రం తమను 'వీల్‌మెన్' అని గౌరవంగా చెప్పుకొనేవారు. ఒకే మనిషికి ఏకకాలంలో రెండు పేర్లు: తాను పెట్టుకొన్నది ఒకటి, ఇతరులు పెట్టినది మరొకటి.

ఆ ఎత్తుబండికి నేడు మనం వాడే 'పెన్నీ ఫార్దింగ్' అన్న పేరు దాని యౌవనంలో పుట్టినది కాదు. పెన్నీ పెద్ద నాణెం, ఫార్దింగ్ అందులో నాలుగోవంతు విలువ చేసే చిన్న నాణెం. పెద్ద చక్రం వెనక చిన్న చక్రం ఉన్నందున ఆ పోలిక. 1885లో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సేఫ్టీ సైకిలును, అంటే ఇప్పుడు మనకు తెలిసిన రెండు సమాన చక్రాల సైకిలును తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఎత్తుబండి పాతబడి నవ్వు పుట్టించే వస్తువు అయిన తరువాత, 1890 ప్రాంతంలో ఈ నాణేల పేరు ప్రచారంలోకి వచ్చింది. భయపెట్టే దానికి ఒక రకం పేరు, భయం పోయినదానికి మరో రకం పేరు.

స్కార్చర్: రోడ్డును మాడ్చేవాడు

సేఫ్టీ సైకిలుతో తొక్కేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 1890 దశకం మధ్యలో అమెరికాలో మంచి సైకిలు వెల సుమారు 100 డాలర్లు. తరువాతి సంవత్సరాల్లో ధర పడిపోవటంతో గుమాస్తాలు, పనివారు కూడా కొనగలిగారు. సరిగ్గా అప్పుడే 'స్కార్చర్' అన్న మాట ఊపందుకొన్నది. స్కార్చ్ అంటే మాడ్చటం. హేండిలు మీదికి వంగి, నడుము విల్లులా వంచి, రోడ్డు మాడిపోతుందా అన్నంత వేగంగా తొక్కే కుర్రవాడు స్కార్చర్. పత్రికల నిండా అతని మీద ఫిర్యాదులే. నిటారుగా కూర్చొని తొక్కే పెద్దమనుషులైన సైకిలువారు కూడా అతన్ని తిట్టారు. కొత్తగా వచ్చినవారి నుంచి తమను వేరుచేసి చూపుకోవటానికి ఆ పేరు పాతవారికి పనికివచ్చింది. ఒక సమూహం మీద పడిన నిందను ఆ సమూహంలోని పైమెట్టు వారు కిందిమెట్టు వారి మీదికి నెట్టటం మన సమాజంలో కూడా చూసే పద్ధతే.

1895లో న్యూయార్కు పోలీసు కమిషనర్ల మండలికి అధ్యక్షుడుగా ఉన్న థియడోర్ రూజ్‌వెల్టు సైకిలు పోలీసు దళాన్ని ఏర్పాటు చేశాడు. ఇతడే తరువాత 1901లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆ దళానికి జనం పెట్టిన పేరు 'స్కార్చర్ స్క్వాడ్'. వేగంగా పోయేవారిని పట్టుకోవటానికి పోలీసులు ఇంకా వేగంగా తొక్కవలసి వచ్చింది. ఒకపక్క ఇలా ఉండగా కుర్రకారు ఆ నిందను బిరుదుగా తగిలించుకొన్నారు. ఆ పేరు పెట్టిన నాట్యసంగీతపు బాణీలు కూడా ఆ రోజుల్లో అచ్చయ్యాయి.

1899 మే 20న ఆ నగరంలో జరిగిన ఒక సంఘటన ఈ కథను మలుపు తిప్పింది. లెక్సింగ్టన్ వీధిలో గంటకు 12 మైళ్ళ వేగంతో విద్యుత్ మోటారు బండి నడుపుతున్న జేకబ్ జర్మన్ అనే టాక్సీ డ్రైవరును పోలీసు ఒకడు సైకిలు మీద వెంటాడి పట్టుకొన్నాడు. అమెరికాలో అతివేగానికి అరెస్టయిన తొలి మోటారు డ్రైవరుగా ఇతన్నే సాధారణంగా చెప్పుకొంటారు. మోటారు రాకతో 'స్కార్చర్' అన్న మాట సైకిలు దిగి కారెక్కింది. కొంతకాలం కారు నడిపేవారినే అలా పిలిచారు.

ఆ తరువాత మోటారువారి బలం పెరిగింది. 1910 దశకం నుంచి అమెరికాలో 'జేవాకర్' అన్న కొత్త మాట వ్యాపించింది. 'జే' అంటే పట్నం తీరు తెలియని పల్లెటూరి బైతు. రోడ్డు మీద ఇష్టం వచ్చినచోట నడిచేవాడు బైతు అని నింద. మోటారు వర్గాలు పనిగట్టుకొని ఈ మాటను ప్రచారం చేశాయని చరిత్రకారులు చూపారు. అనాదిగా రోడ్డు మీద నడుస్తున్నవాడే చివరకు రోడ్డు మీద తప్పుచేసినవాడయ్యాడు. తొంభై వందేళ్ళ వ్యవధిలో నింద ఎటునుంచి ఎటు ప్రయాణం చేసిందో చూడండి. 1819లో నడిచేవాడు సైకిలువాడికి పేరు పెట్టాడు. 1910 దశకంలో కారువాడు నడిచేవాడికి పేరు పెట్టాడు. పేరు పెట్టగలగటం రోడ్డు మీది అధికారానికి గుర్తు.

ఆడవారి ముఖం, ఆడవారి దుస్తులు

ఈ కాలపు పేర్లలో అన్నిటికంటె పదునైనవి స్త్రీల మీద ప్రయోగించినవి. 1897లో ఆర్థర్ షాడ్వెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు సైకిలు తొక్కటంలోని ప్రమాదాలను గురించి ఒక వ్యాసం రాస్తూ 'బైసికిల్ ఫేస్' గురించి హెచ్చరించాడు. బ్యాలెన్సు కోసం పడే తాపత్రయంతో ముఖం బిగుసుకుపోతుందనీ, కళ్ళు గుడ్లప్పగించినట్లు అవుతాయనీ అప్పటి పత్రికలు వర్ణించాయి. ఈ జబ్బు ఆడవారికి ఎక్కువగా వస్తుందని ప్రచారం జరిగింది. అటువంటి జబ్బు లేదు. జబ్బు పేరు పెట్టటం వల్ల వెక్కిరింతకు శాస్త్రం ముసుగు దొరికింది.

రెండో పేరు 'బ్లూమర్'. 1851లో పొడుగు గౌను బదులు వదులైన పైజామా వంటి దుస్తులను సమర్థించిన అమెరికా సంస్కర్త అమీలియా బ్లూమర్ పేరు అది. నలభై ఏళ్ళ తరువాత సైకిలు తొక్కే స్త్రీలు అటువంటి దుస్తులు వేసుకోగానే ఆ వ్యక్తి పేరు ఒక వర్గం మీద నింద అయింది. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ ఈ దుస్తుల్లో సరే జిల్లాలోని ఆకమ్ గ్రామంలో ఒక హోటలుకు సైకిలు మీద వెళ్ళింది. కాఫీ గదిలోకి రానివ్వం, మద్యం తాగే గదిలో కూర్చొనవచ్చు అని యజమానురాలు చెప్పింది. సైకిలు యాత్రికుల సంఘం 1899లో దావా నడిపి ఓడిపోయింది.

1897 మే 21న కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జరిగినది మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. స్త్రీలకు పట్టాలు ఇవ్వాలా వద్దా అన్న తీర్మానం ఆ రోజు ఓటుకు వచ్చింది. వ్యతిరేకించిన మగ విద్యార్థులు సభాభవనం ఎదుట ఒక దిష్టిబొమ్మను వేలాడదీశారు. అది పుస్తకం పట్టుకొన్న స్త్రీ బొమ్మ కాదు, సైకిలు మీద ఉన్న స్త్రీ బొమ్మ! తీర్మానం వీగిపోయింది. కేంబ్రిడ్జిలో స్త్రీలకు పూర్తి పట్టా 1948లో గాని దక్కలేదు. చదువు కోరే ఆడపిల్లను ఎగతాళి చెయ్యటానికి సైకిలెందుకు? ఆమె ఒంటరిగా, ఎవరి తోడూ లేకుండా, తలచుకొన్నచోటికి పోగలదన్నది వారిని కలవరపెట్టిన విషయం. ఆ కలవరానికి సైకిలు బొమ్మ అయింది.

పేరుతో పాటు తలుపు

పేర్లను తలుపులుగా వాడుకోవటం కూడా ఈ చరిత్రలో భాగమే. 1880లో ఏర్పడిన 'లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్' 1894లో తెల్లవారికి మాత్రమే సభ్యత్వమని నియమం పెట్టింది. అంతకు ముందే సభ్యురాలైన కిట్టీ నాక్స్ అనే బోస్టన్ నగరపు కుట్టుపని యువతి, మిశ్రమ జాతికి చెందినది, 1895లో ఆస్‌బరీ పార్కు మహాసభకు హాజరైతే పెద్ద దుమారం రేగింది. మేజర్ టేలర్ అనే నల్లజాతి పందెగాడు 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. పత్రికలు అతన్ని మెచ్చుకొంటూనే 'నల్ల తుఫాను' అన్నాయి. మెప్పులో కూడా ముందు రంగే వచ్చింది, తరువాత వేగం. ఆ లీగ్ పాత నియమాన్ని అధికారికంగా తప్పుపట్టినది 1999లో.

ఫ్రాన్సులో కథ మరో తీరుగా నడిచింది. 1911 ఫ్రాన్సు ప్రదక్షిణ పందెంలో మోరిస్ బ్రోకో అనే పందెగాడు డబ్బుకు మరొకరికి సాయం చేశాడని నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ కోపగించి, వాడు వట్టి 'దొమెస్తీక్' అని ఈసడించాడు. ఫ్రెంచి తెలిసిన యానాం విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు. ఇంటి నౌకరు అని అర్థం. కాలక్రమాన పందెం జట్టుల ఆటగా మారింది. నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కేవాడు, నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు, తన చక్రం ఊడదీసి ఇచ్చేవాడు లేకపోతే గెలుపు లేదని తేలింది. ఈసడింపు కాస్తా ఉద్యోగం పేరు అయింది. నేడు మంచి దొమెస్తీక్ అనటం పొగడ్త. అట్లాగే అందరికంటె చివర వచ్చేవాడు 'లాంతెర్న్ రూజ్', అంటే రైలు చివరి పెట్టెకు వేలాడే ఎర్ర దీపం. యుద్ధానంతర కాలంలో ఈ చివరివాడికి ఊరూరా ప్రదర్శన పందాలకు పిలుపులు, డబ్బు బాగా దొరకటంతో చివరి స్థానం కోసం పోటీపడినవారు కూడా ఉన్నారు. పని గౌరవం మారితే పేరు గౌరవం మారుతుందనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఇటీవలి పేర్లు

సైకిలు మీద పేర్లు పెట్టటం ఇప్పటికీ ఆగలేదు. అమెరికా సంఘాల్లో 'ఫ్రెడ్' అన్న మాట ఉన్నది. మొదట అది మాసిన గడ్డంతో, సైకిలు నిండా సంచులతో తిరిగేవాడికి చెల్లింది. తరువాత ఖరీదైన సామగ్రి అంతా కొని తొక్కటం రానివాడికి కూడా అదే పేరు. బ్రిటిష్ పత్రికల్లో ఎర్ర దీపం దాటిపోయేవాడు 'లైక్రా లౌట్', అంటే బిగుతు బట్టల పోకిరి. 2010లో అక్కడి మార్కెట్ పరిశీలన ఒకటి లైక్రా బట్టలు వేసిన నడివయసు మగవాడికి 'మామిల్' అని పొడి అక్షరాల పేరు పెట్టింది. చవక సైకిలు మీద హోటలు పనికి పోయే వలస కూలీకి ఇటువంటి సరదా పేరేదీ లేదు. అటువంటివారిని 'కనపడని సైకిలువారు' అని అమెరికా కార్యకర్తలు అంటారు.

ఈ పేర్లన్నీ కలిపి చదివితే ఒక విచిత్రం బయటపడుతుంది. సైకిలువాడు ధనవంతుడు, పేదవాడు, మరీ వేగం, మరీ నిదానం, సోగ్గాడు, మాసినవాడు. ఇవన్నీ ఒకే మనిషికి అతకవు. అయినా ఒకదానికొకటి విరుద్ధమైన ఈ మూసబొమ్మలు పక్కపక్కనే బతుకుతాయి. కాబట్టి అవి చూసిన మనిషిని బట్టి పుట్టినవి కావు, చూసేవాడి అసహనాన్ని బట్టి పుట్టినవని మా అభిప్రాయం.

ఇది కేవలం మాటల ముచ్చట కాదు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు 442 మందిని ప్రశ్నించిన అధ్యయనం ప్రచురించారు. ఒక కొసన కోతి లేదా పురుగు, మరో కొసన మనిషి ఉన్న బొమ్మల వరుసను చూపి, సైకిలు తొక్కేవారు ఎక్కడ ఉంటారని అడిగారు. సైకిలు తొక్కనివారిలో 55 శాతం మంది వారిని సంపూర్ణ మానవుల కంటె తక్కువ మెట్టులో ఉంచారు. సైకిలు తొక్కేవారిలోనే 30 శాతం మంది అలా ఉంచారు. మొత్తంమీద 17 శాతం మంది తమ బండితో సైకిలువారికి కావాలని అడ్డం పోయినట్లు, 11 శాతం మంది కావాలని దగ్గరగా నడిపినట్లు ఒప్పుకొన్నారు. తక్కువ మెట్టులో ఉంచినవారే ఇటువంటి పనులకు ఎక్కువగా పాల్పడినట్లు తేలింది. పేరుకూ స్టీరింగుకూ దూరం మనం అనుకొన్నంత లేదు.

మన పొరుగున

దూరదేశపు కథ మన ఇంటి దాకా వచ్చిన సందర్భం ఒకటి చెప్పి ముగిస్తాము. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి జిల్లా కలెక్టరు షీలా రాణీ చుంకత్ సైకిలు నేర్పటాన్ని అందులో భాగం చేశారు. వ్యవసాయ కూలీలు, క్వారీ పనివారు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకొన్నారు. మొదట్లో వారిని మగవారు నోటికి వచ్చినట్లు అన్నారని ఆ ఉద్యమాన్ని చూసి రాసిన పాత్రికేయుడు పి. సాయినాథ్ నమోదు చేశారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1500 మందికి పైగా స్త్రీలు హేండిళ్ళకు జెండాలు కట్టి, బెల్లులు మోగిస్తూ ఊరేగారు. ఆడవారి సైకిళ్ళు దొరకక మగవారి సైకిళ్ళే కొన్నారు. అడ్డకడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే కోరుకొన్నారు. కేంబ్రిడ్జిలో 1897లో వేలాడదీసిన బొమ్మకు తొంభై అయిదేళ్ళ తరువాత దక్షిణ భారతంలో వచ్చిన జవాబు ఇది అని మేము భావిస్తున్నాము. వెక్కిరింతకు వారు మాటతో బదులు చెప్పలేదు. రోడ్డు మీద సంఖ్యతో చెప్పారు. పదిమంది తొక్కితే వింత, పదివేలమంది తొక్కితే వాడుక.

ఇప్పుడు మొదట వదలిన 'గొల్టి' దగ్గరికి తిరిగి రావచ్చు. ఆ మాట మన గుణాన్ని చెప్పదు. ఏ కాలంలో, ఏ బజారులో, ఏ ఉద్యోగం దగ్గర, ఏ సీటు దగ్గర ఎవరికెవరు అడ్డం అనిపించారో చెబుతుంది. దాన్ని కోపంతో కొట్టివేయటం కంటె సాక్ష్యంగా భద్రపరచటం విద్యార్థులు చెయ్యగల పని. మనం ఇతరులకు పెట్టిన పేర్లను కూడా అదే నిజాయితీతో రాసుకోవలసి ఉంటుంది.

హోసూరు, కోలారు, బరంపురం, షోలాపురం, యానాం ప్రాంతాల విద్యార్థులకు ఒక విన్నపం. మీ ఇంట్లో పెద్దలను అడగండి. సైకిలు నేర్చుకొంటూ కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి మీ ఇంటి తెలుగులో ఏమనేవారు? మీ వీధిలో మొదట సైకిలెక్కిన ఆడపిల్లను ఏమన్నారు? ఆమె నేడు అమ్మమ్మగానో నాయనమ్మగానో ఉంటే ఆమెనే అడగండి. మాటతో పాటు దాన్ని ఎవరు, ఎవరిని, ఏ వీధిలో, సుమారు ఏ సంవత్సరంలో అన్నారో కూడా రాసి పీఠానికి పంపండి. ఆ వివరాలు లేని మాట నిఘంటువులో చేరుతుంది గాని చరిత్రకు అక్కరకు రాదు.